పాచినోటి మందు

ఉమ్మి మాట యెత్తగానే ముఖం చిట్లించుకొనేవారు కొందరుంటారు. భోజనానికి కూర్చొని పత్రిక చదివే అలవాటున్నవారు యీ పుటను తరువాత చూసుకోవచ్చును. కాని యిల్లాళ్లు చదివే పత్రికలో యీ సంగతి యెప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. యేమంటే, వూరికొక్క మందుల షాపు కూడా లేని రోజుల్లోను, వీధికి రెండు షాపులున్న యీ రోజుల్లోను, మన యిళ్లల్లో అడగకుండా దొరికే మొదటి మందు యిదే. పిల్లవాడు వసారాలో పడి మోకాలు గీచుకొంటాడు. తల్లి పరుగెత్తుకొని వస్తుంది. వేలు నోట్లో తడిపి గీచుకొన్న చోట రాస్తుంది. "యేమీ కాలేదు నాన్నా, చీమ చచ్చింది, అంతే" అంటుంది. పిల్లవాడు చచ్చిన చీమ కోసం నేలంతా వెదుక్కొంటాడు. యేడుపు ఆగిపోతుంది. మందు పనిచేసినట్లే గదా!

యీ మందు పద్దులు లెక్క వేసి చూడండి. చీమ కుట్టినా, దోమ కుట్టినా ఉమ్మి. కొత్త చెప్పు కరిచినా ఉమ్మి. సాలెపురుగు పాకిందని చర్మం మీద పొక్కులు చూపిస్తే ఉమ్మి. మొటిమకు, తామరకు, కంటికురుపుకు మాత్రం మామూలు ఉమ్మి చాలదు. పాచినోటి ఉమ్మి కావాలి. తెల్లవారి లేచి, పండ్లు తోముకోక ముందు, మంచినీళ్లు త్రాగక ముందు, కొందరి యిళ్లల్లో యెవరితోను పలకక ముందు, ఆ పరగడుపు ఉమ్మిని వేలితో తీసి రాయాలి. మూడు రోజులని కొందరు, తొమ్మిది రోజులని కొందరు. యీ మోతాదు యింటింటికీ మారుతుంది గాని, పాచినోరు అన్న నియమం మాత్రం యెక్కడా మారదు.

యిక దిష్టి సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి బిడ్డ చుట్టూ తిప్పి, ఆ గుప్పిట్లోకి బిడ్డచేత "థూ థూ థూ" అనిపించి నిప్పుల్లో వేస్తారు. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేదని, ఘాటు రాకపోతే గట్టి దిష్టే తగిలిందని తీర్పు. గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత నిప్పుల కోసం యెక్కడికి పోవాలో తెలియక యీ తతంగం కొంత తగ్గింది గాని, "థూ థూ" మాత్రం తగ్గలేదు.

మన సిరుగుప్పలో యీ మందుకు రెండు భాషల్లోను పేర్లున్నాయి. మనం ఉమ్మి అంటే కన్నడంవారు ఉగుళు అంటారు. పసివాని నోట కారేది మనకు చొల్లు, వారికి జొల్లు. నోట పెట్టినది మనకు ఎంగిలి, వారికి ఎంజలు, తమిళులకు ఎచ్చిల్. ఒకే తల్లి బిడ్డలని మాటల ముఖం చూస్తేనే తెలుస్తుంది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. సిరుగుప్ప యిటు మైసూరులో చేరింది. రెవెన్యూ దస్తరాలు విడిపోయినవి, బడి పుస్తకాలు విడిపోయినవి. దిష్టి తీసే పద్ధతి మాత్రం విడిపోలేదు. తుంగభద్ర కాలువలు వచ్చాక కోస్తా జిల్లాల నుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న కుటుంబాల వారిని అడగండి. వారి నాయనమ్మలు కూడా విత్తనాల మూటతో పాటు యిదే మందు వెంట తెచ్చుకొన్నారు.

నాకు వింతగా తోచేది వేరొకటి వున్నది. ఎంగిలి విషయంలో మనంత పట్టింపు గలవారు లోకంలో అరుదు. గ్లాసు పెదవికి తగలకుండా యెత్తి పోసుకొంటాము. వడ్డించే గరిటె విస్తరికి తగిలితే ఆ గిన్నె అంతా ఎంగిలి అంటాము. పిసినారిని తిట్టాలంటే ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడంటాము. బడి పిల్లలు సైతం బిళ్ల పంచుకోవలసి వస్తే చొక్కా అంచు కప్పి, గుడ్డ మీద నుంచి కొరికి "కాకి ఎంగిలి" అని ధర్మసూక్ష్మం కనిపెట్టారు. యింత పట్టింపు గల మనమే అదే నీటిని వేలితో తీసి బిడ్డ కంటికి రాస్తాము! విస్తరిలో దోషమైనది కంట్లో ఔషధం యెట్లా అయింది? యీ ప్రశ్న పెద్దలను అడిగితే, "తల్లి నోటిది ఎంగిలి కాదురా" అంటారు. దానికి బదులు చెప్పడం కష్టం.

కాళహస్తి కన్నప్ప కథ మన యిళ్లల్లో తెలియనివారు లేరు. తిన్నడు స్వర్ణముఖి నీళ్లు నోట పుక్కిట పట్టి తెచ్చి లింగం మీద ఉమ్మి అభిషేకం చేశాడు. తాను కొరికి రుచి చూసిన మాంసమే నైవేద్యం పెట్టాడు. శాస్త్రం తెలిసిన పూజారికి అది అనాచారంగా కనిపించింది, దేవునికి కనిపించలేదు. ధూర్జటి యీ తిన్నని కథను తన కాళహస్తి మాహాత్మ్యంలో చేర్చి విస్తారంగా చెప్పాడు. ప్రేమ గల నోటిలోనిది ఎంగిలి కాదన్న భావం మన వాళ్లలో యెంత లోతుగా వున్నదో యీ కథ చెబుతుంది. శబరి ఎంగిలి పండ్ల కథ అటువంటిదే. అది వాల్మీకంలో లేదు; జనం చేర్చుకొన్నారు. లేనిదాన్ని పని గట్టుకొని చేర్చుకొన్నారంటే యెంత యిష్టమో చూడండి.

యిది మన వాళ్ల పిచ్చి మాత్రమే అనుకోవద్దు. రోము దేశంలో సుమారు 1,950 యేండ్ల క్రిందట ప్లినీ అనే పండితుడు వ్రాసిన పెద్ద గ్రంథంలో, పరగడుపు ఉమ్మి పాము విషానికి విరుగుడని, ప్రతి ఉదయం కండ్లకు రాసుకొంటే కండ్లకలక రాదని వున్నది. పాచినోరు అన్న నియమం అక్కడా వుండడం చూస్తే నవ్వు వస్తుంది. మన అవ్వలు లాటిను చదివినట్లు లేదు! ఆ కాలంలోనే వెస్పాసియను చక్రవర్తి అలెగ్జాండ్రియా నగరంలో ఒక గుడ్డివాని కండ్లకు ఉమ్మి రాసి చూపు తెప్పించాడని రోము చరిత్రకారులు వ్రాశారు. క్రైస్తవుల సువార్తలలో యేసు నేల మీద ఉమ్మివేసి, ఆ బురద గుడ్డివాని కండ్లకు పూసినట్లున్నది. యెక్కడ చూసినా కన్నే! చేతికి అందే తడి, చూడగలిగిన కన్ను, దగ్గరగా నిలిచిన మనిషి. యీ మూడూ కలిసి అన్ని దేశాల్లోను ఒకే వైద్యం పుట్టించినట్లున్నవి.

మరి యీ నీటిలో యేమున్నది? నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీళ్లే. చెవుల ముందు ఒక జత, దవుడ క్రింద ఒక జత, నాలుక క్రింద ఒక జత పెద్ద గ్రంథులున్నాయి. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేవి ఆ చెవి దగ్గరి గ్రంథులే. రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర దాకా ఊరుతుంది. చింతకాయ పేరు చెబితే యింకా ఊరుతుంది. యీ వాక్యం చదువుతూ మీకు ఊరిందా లేదా చెప్పండి. బియ్యం పండించే వూరు గనుక ఒక చిన్న పరీక్ష చెబుతాను. కూర కలపని వట్టి సోనామసూరి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టి, మింగకుండా రెండు నిమిషాలు నమలండి. కొంచెం తియ్యబడుతుంది. అన్నంలోని పిండిపదార్థాన్ని ఉమ్మిలోని ఒక పదార్థం చక్కెరగా విడగొట్టడం వల్ల వచ్చే తీపి అది. జీర్ణం కడుపులో కాదు, నోట్లోనే మొదలవుతుందన్నమాట.

బియ్యం సంగతి వచ్చింది గనుక యింకొక్క మాట. మన ధర్మశాస్త్రాలలో తండుల దివ్యమనే పరీక్ష వున్నది. దొంగతనం మోపబడినవానిచేత బియ్యం నమిలించి ఆకు మీద ఉమ్మివేయించేవారు. ఉమ్మిలో నెత్తురు కనబడినా, దవుడ పుండైనా, తాలువు యెండినా, ఒళ్లు వణికినా దోషి అని తీర్పు. యిందులో కొంత నిజం లేకపోలేదు. భయపడినవాని నోరు పిడచగట్టుకొని పోతుంది. పొడినోట బియ్యం నమిలితే చిగుళ్లు గీచుకోక యేమవుతాయి? కాని తప్పు చేసి ధైర్యంగా నిలిచేవాడు, తప్పు చేయక పోయినా సభలో నిలబడలేక వణికిపోయేవాడు, యిద్దరూ వుంటారు. ఆ రెండవవాని గతి తలచుకొంటే మాత్రం ఆ న్యాయం నాకు రుచించదు.

సరే, మందు గుణం సంగతి. మన అవ్వల మాట వట్టిదేనా? కాదు. 1922లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగు (తరువాత పెన్సిలిను కనిపెట్టినది యీయనే) ముక్కుచీమిడిలోను, కన్నీటిలోను, ఉమ్మిలోను కొన్ని సూక్ష్మజీవులను కరగించివేసే పదార్థమొకటి వున్నదని చూపాడు. దానికి లైసోజైము అని పేరు పెట్టాడు. 1962లో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుక దవుడ క్రింది గ్రంథి నుండి చర్మం పెరుగుదలను తొందర చేసే పదార్థమొకదాన్ని విడదీశాడు. ఆ కృషికి 1986లో నోబెలు బహుమతి పంచుకొన్నాడు. మనిషి ఉమ్మిలోను అది వున్నది. 2008లో ఆమ్‌స్టర్‌డాము పరిశోధకులు మనిషి ఉమ్మిలోని హిస్టాటిను అనే పదార్థం గాయం పూడడానికి సాయం చేస్తున్నదని ప్రకటించారు. బుగ్గ కొరుక్కొన్నప్పుడు, నాలుక కరుచుకొన్నప్పుడు చూడండి. ఆ పుండు చేతి మీది గాయం కంటె త్వరగా, మచ్చ లేకుండా మానుతుంది. అన్నం, కారం, పులుసు అన్నీ దాని మీదనే పోతున్నా మానుతుంది. దానికి నోటి చర్మం వేరు కావడం ఒక కారణం, ఉమ్మి మరొక కారణం.

అయితే ఆమ్‌స్టర్‌డాములో వాళ్లు గాజు పాత్రలో పెంచిన కణాల మీద, శుద్ధి చేసిన పదార్థం వేసి చూశారు. యెవరి మోకాలూ నాకలేదు. మన నోట ఊరేది శుద్ధి చేసిన పదార్థం కాదు. అందులో వందల రకాల సూక్ష్మజీవులు కాపురముంటాయి. నోట్లో వుంటే అవి మనకు యిరుగు పొరుగు. పగిలిన చర్మంలో ప్రవేశిస్తే దొంగలు. పైగా, పాచినోటి మాట చూడండి. రాత్రి నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. కడిగే నీళ్లు తగ్గినందువల్ల తెల్లవారేసరికి నోట్లో సూక్ష్మజీవులు గుంపు కడతాయి. ఆ వాసన అందుకే. అంటే, మనం శ్రేష్ఠమని యేరి కోరి తీసే ఆ మొదటి ఉమ్మి, రోజంతటిలోను యెక్కువ మురికి గలది. యీ ఒక్క విషయంలో మన అవ్వలు, ప్లినీ పండితుడు యిద్దరూ కలిసి పొరబడ్డారు.

మరి కంటికురుపు తగ్గుతున్నది గదా అంటారు. తగ్గుతుంది. రెప్ప అంచున వున్న చిన్న గ్రంథి మూసుకొని చీము పట్టడమే కంటికురుపు. చాలా వరకు వారం పది రోజుల్లో దానంతట అదే పగిలి తగ్గిపోతుంది. తొమ్మిది రోజులు పాచి ఉమ్మి రాస్తే తొమ్మిదవ రోజుకు తగ్గింది, కీర్తి ఉమ్మికి దక్కింది! శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, గోరువెచ్చగా వున్నప్పుడు రెప్ప మీద పెట్టుకోవడం మేలు. రోజుకు మూడు నాలుగు సార్లు చేయండి. వ్రేళ్లు తడిపి రాస్తే రెప్ప మీది చీము నల్లగ్రుడ్డు మీదికి పోవచ్చును. నల్లగ్రుడ్డు మీద పుండు పడితే చూపుకే మోసం. తామర అయితే బూజు జాతి తెగులు. ఉమ్మికి అది లొంగదు. మందుల షాపులో "తామరకు ట్యూబు యివ్వండి" అని అడిగి తెచ్చుకొనే కొన్ని మిశ్రమ లేపనాలు మొదట తగ్గించినట్లే తగ్గించి, తరువాత తామరను రెండింతలు చేస్తాయి. వాటిలో కలిపిన స్టెరాయిడ్ల పని అది. వైద్యునికి చూపించి తెచ్చుకొంటే నయం.

చక్కెర వ్యాధి గల పెద్దలున్న యింట్లో మరీ జాగ్రత్త వుండాలి. 2002లో అమెరికా నుండి వెలువడే ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక రోగి సంగతి అచ్చయింది. చక్కెర వ్యాధి వున్న మనిషి, సైకిలు మీద నుండి పడి బొటనవ్రేలు చీరుకొన్నాడు. అలవాటు కొద్దీ ఆ గాయం నాకుకొన్నాడు. తన నోటిలోని సూక్ష్మజీవే గాయంలో చేరి, చివరకు ఆ బొటనవ్రేలు తీసివేయవలసి వచ్చింది. పొలం గట్టు మీద కాలికి ముల్లు గుచ్చుకొంటే ఉమ్మి రాసి చెప్పు తొడుక్కొనే మామయ్యలు మన యిళ్లల్లో యెంతమంది లేరు! ఆ కాలికి స్పర్శ తగ్గి వుంటుంది, నొప్పి తెలియదు, పుండు ముదిరిన తరువాత గాని బయటపడదు. సబ్బు నీళ్లతో కడిగి, రోజూ కాలు తిప్పి చూసుకోమని కోడళ్లు చెబితే వారు వినరు. మనుమరాళ్ల చేత చెప్పించండి.

పసిబిడ్డల విషయం రెండు మాటల్లో ముగిస్తాను. పెదవి మీద జ్వరపు పొక్కు వున్నవారు పురిటిబిడ్డను ముద్దు పెట్టుకోకూడదు. ఆ పొక్కులోని క్రిమి పెద్దలకు స్వల్పం, నెలలోపు బిడ్డకు ప్రాణాంతకం కావచ్చును. తల్లి నోట పెట్టిన చెంచానే బిడ్డ నోట పెడితే పండ్లు పుచ్చించే క్రిములు కూడా చేరుతాయి. అయితే నాణేనికి రెండవ ముఖం లేకపోలేదు. 2013లో స్వీడనులో కొందరు శాస్త్రజ్ఞులు, బిడ్డ చీకే రబ్బరు పీకను తమ నోట్లో పెట్టుకొని శుభ్రం చేసే తల్లిదండ్రుల బిడ్డలకు గజ్జి వంటి ఎలర్జీ తెగుళ్లు తక్కువగా వున్నాయని చూశారు. రెండు వందల లోపు బిడ్డల మీద చేసిన చిన్న పరిశీలన అది. దానిని పట్టుకొని పీకలు చీకవద్దు. దానిని పట్టుకొని తల్లులను దోషులనూ చేయవద్దు.

యింతవరకు మనుష్యుల ఉమ్మి. యిక నేను యీ నెల కలం పట్టడానికి అసలు కారణమైన సంగతికి వస్తున్నాను. "కుక్క నాకితే పుండు మానుతుంది" అనే మాట. యీ మాట మన పల్లెల్లో యింకా బ్రతికే వున్నది. కుక్క తన పుండును తానే నాకి మాన్పుకొంటుంది గనుక మన పుండును కూడా మాన్పుతుందని వాదం. పెంపుడు కుక్క ప్రేమగా కాలి పుండు నాకుతుంటే, పోనీ అని కాలు చాచి కూర్చొనేవారున్నారు. అమ్మలారా, అయ్యలారా, యిది ఒక్కటి మానిపించండి.

పిచ్చికుక్క విషం పండ్లలో లేదు, ఉమ్మిలో వున్నది. పండ్లు దారి చేస్తాయి, అంతే. ఆ దారి ముందే పుండు రూపంలో తెరిచి వుంటే కుక్క కరవనక్కరలేదు, నాకితే చాలును. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు కుక్క వల్ల కలిగే ప్రమాదాలను మూడు తరగతులుగా విభజించి, చిట్లిన చర్మాన్ని నాకడాన్ని, కండ్లలోను నోటిలోను కుక్క ఉమ్మి పడడాన్ని, నెత్తురు వచ్చేట్లు కరవడంతో సమానంగా మూడవ తరగతిలో వేశారు. పిచ్చి లక్షణాలు కనబడక ముందే, కొద్ది రోజుల నుండే ఆ ఉమ్మిలో విషం వుంటుంది. "మా కుక్క బాగానే వున్నది" అనే మాట అందుకే చాలదు. వ్యాధి బయటపడడానికి సామాన్యంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరికి వారం, కొందరికి యేడాది. బయటపడిన తరువాత యే వైద్యమూ రక్షించలేదనే చెప్పాలి. ప్రపంచంలో యీ వ్యాధికి బలి అయ్యేవారిలో మూడవ వంతుకు పైగా మన దేశంలోనే వున్నారని ఆ సంస్థ లెక్క. వారిలో పిల్లలు చాలమంది.

సుశ్రుతుడు కల్పస్థానంలో పిచ్చికుక్క కాటును వర్ణించి, నీటిని చూసి భయపడే రోగి బ్రతకడని చెప్పాడు. జలత్రాసమని పేరు పెట్టినది ఆయనే. గొంతు కండరాలు పట్టుకొని పోయి మింగడం చేతకాదు. నీళ్లు చూస్తేనే గొంతు బిగిసిపోతుంది. మింగలేని ఉమ్మి నోట కారిపోతుంది. అన్ని వేల యేండ్లు మనిషి దాన్ని చూస్తూ కూర్చొన్నాడు. 1885 జూలై 6వ తేదీన ప్యారిసులో పాశ్చరు తొమ్మిదేండ్ల జోసెఫ్ మీస్టరు అనే బాలునికి మొదటి టీకా వేసినదాకా దారి దొరకలేదు. మన బళ్లారి జిల్లా మద్రాసు రాజధానిలో వున్న రోజుల్లో, 1907లో, నీలగిరి కొండల మీద కూనూరులో పాశ్చరు సంస్థ నెలకొల్పారు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు అన్న భయం పెద్దలకు యింకా జ్ఞాపకముంటుంది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004లో నిలిచిపోయింది. యిప్పటి టీకా భుజానికే వేస్తారు. మామూలు సూది కంటె యెక్కువ నొప్పి వుండదు. ఆ పాత భయంతోనే యిప్పటికీ ఆసుపత్రికి పోక, ఆకుపసరు కట్టించుకొని, కారం పెట్టించుకొని యింట్లో కూర్చొనేవారున్నారంటే యేమనాలి?

కుక్క గాని, పిల్లి గాని, కోతి గాని కరిచినా, రక్కినా, పుండు మీద నాకినా మొదటి పని కొళాయి దగ్గరికి పోవడం. ధారగా పడే నీళ్ల క్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి; అందరూ రెండు నిమిషాలకే అయిందంటారు. ఆ విషక్రిమి పై పొర క్రొవ్వుతో చేసినది గనుక సబ్బు దానిని చిదిపివేస్తుంది. ఖర్చు లేని మందు యిది. ఉమ్మి కంటె చవక కాదు గాని దాదాపు అంతే. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి వేయవద్దు. కట్టు బిగించవద్దు. నేరుగా ఆసుపత్రికి పోయి యేమి జరిగిందో ఉన్నదున్నట్లు చెప్పాలి. "కరవలేదు, నాకింది" అని కూడా చెప్పాలి. మూడవ తరగతి అయితే టీకాతో పాటు గాయంలోను, చుట్టూరా వేసే మరొక మందు కూడా వున్నది. అది అడిగి వేయించుకోవలసినది.

యింకొక మాట గొడ్లు గోదలున్నవారికి. గేదె గాని ఎద్దు గాని మేత మానివేసి, నోట చొంగ కారుస్తూ, గొంతు బొంగురుపోయి అరుస్తుంటే గొంతులో యేదో అడ్డం పడిందని అనుకొంటారు. రైతు చేయి మోచేతి దాకా నోట్లో పెట్టి వెదుకుతాడు. అడ్డం పడినదేమీ దొరకదు. కుక్క కరిచిన గొడ్డుకు వచ్చే పిచ్చి కూడా అదే విధంగా వుంటుంది. ఆ చేతి మీద గడ్డి కోసుకొన్న గాట్లుంటే విషం అందులోనే దిగుతుంది. అటువంటి గొడ్డు నోట్లో చేయి పెట్టకుండా పశువుల డాక్టరును పిలవాలి. పెట్టివుంటే వెంటనే కడుక్కొని ఆసుపత్రికి పోవాలి. యీ సంగతి చదువు వచ్చిన పిల్లలు జీతగాళ్లకు కూడా చదివి వినిపిస్తే బాగుంటుంది.

లోకంలో యితర ప్రాణుల ఉమ్మి కథలు చాల వున్నాయి, తొందరగా చెబుతాను. దోమ కుట్టినచోట దురద దాని ఉమ్మి వల్లనే. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేస్తూ, ఆ క్రిమి దోమ ఉమ్మి గ్రంథులలోకి చేరుతుందని తేల్చాడు. వరి మడుల మధ్య కాపురమున్న వారికి దోమ సంగతి నేను చెప్పవలసింది లేదు. పాము విషగ్రంథి కూడా ఉమ్మి గ్రంథి జాతిదే. పాము కరిచినచోట నోటితో పీల్చి ఉమ్మివేయడం సినిమాల్లో బాగుంటుంది. నిజానికి విషం అట్లా బయటికి రాదు, పీల్చేవాని నోటి క్రిములు గాయంలో చేరుతాయి. కాలు కదలించకుండా రోగిని ఆసుపత్రికి తీసుకొనిపోవడమే దారి. జలగ ఉమ్మిలో నెత్తురు గడ్డ కట్టనివ్వని గుణమున్నదని 1884లో కనిపెట్టారు. మన వైద్యులు అంతకు యెంతో ముందే జలగలు పట్టించేవారు. ఉమ్మి పేరు చెప్పుకొని నిజంగా గౌరవం పొందవలసిన ప్రాణి జలగే నని నా అభిప్రాయం.

వీధిలో ఉమ్మేసేవారి సంగతి వ్రాస్తే యీ పుట చాలదు. 1882లో కోఖు క్షయ క్రిమిని చూపిన తరువాత, గళ్లలో అది వుంటుందని లోకానికి తెలిసింది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి తెరిచారు. నేటికీ క్షయ వున్నదో లేదో తేల్చడానికి గళ్ల పరీక్ష ముఖ్యమైనది. దగ్గు రెండు వారాలు దాటితే గళ్ల పరీక్షకు పోవాలి. కరోనా వచ్చిన 2020లో క్రికెట్టు బంతికి ఉమ్మి రాసి మెరుగు పెట్టడాన్ని అంతర్జాతీయ సంఘంవారు నిషేధించి, 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేశారు. బంతికి కట్టుబాటు వచ్చింది. బస్సు కిటికీలో నుంచి వక్కాకు ఉమ్మేవారికి యింకా రాలేదు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు నాలుకకు వ్రేలు తాకించే దుకాణదారులకు కూడా ఒక చిన్న స్పంజి ముక్క కొనియిమ్మని వారి యింటివారికి మనవి.

కొందరు సోదరీమణులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "అయితే దిష్టి తీసేటప్పుడు థూ థూ అనిపించవచ్చునా?" అని. మిరపకాయలు నిప్పుల్లో పడుతున్నవి గాని బిడ్డ కంట్లో పడడం లేదు గదా! దానితో నాకు పేచీ లేదు. చర్మం చిట్లని చోట దోమ కుడితే తల్లి వ్రేలు తడిపి రాసినా ముప్పు లేదు. ఆ తడి కంటె ఆ వ్రేలు యెక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. చర్మం చిట్లితే మాత్రం వ్రేలు నోటి దగ్గరికి కాక కొళాయి దగ్గరికి పోవాలి. "చీమ చచ్చింది" అని చెప్పడం మానవలసిన పని లేదు.

కుక్క టీకా తేదీలు కత్తిరించి క్యాలెండరు ప్రక్కన అంటించుకోండి. మొదటి సూది పడిన రోజును సున్న అని లెక్క వేస్తారు. కండకు వేసే పద్ధతి అయితే 0, 3, 7, 14, 28 రోజులు. చర్మంలోకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజులు. మూడు సూదులయ్యాక "తగ్గింది గదా" అని మానేసేవారే యెక్కువ. తగ్గడానికి అక్కడ కనిపించే జబ్బేమీ వుండదు.

వచ్చే నెల చెవిలో నూనె పోయడం గురించి వ్రాస్తాను. మీ యింటి పద్ధతులు కార్డు మీద వ్రాసి పంపండి.